పెట్టె తెరిస్తే... ఇల్లు!

అమ్మమ్మ వాడిన ఆవకాయ జాడీ అంచు విరిగినా పారేయడానికి చేతులు రావెందుకు? ఏటీఎం ముందు నిలబడగానే కొందరికి చెమటలు పట్టేదెందుకు? వస్తువుకీ మనసుకీ ఉన్న ఈ చుట్టరికం మీద ప్రపంచంలో ఇప్పుడు పెద్దపెద్ద పుస్తకాలే వచ్చాయి. మన విశాఖ తీరం పనివాళ్లకు మాత్రం ఆ కిటుకు రెండొందల ఏళ్ల కిందటే తెలుసు!

విశాఖపట్నం నుంచి బీచ్‌రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్తే భీమునిపట్నం. జనం నోట్లో భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఆదివారం సాయంత్రమైతే చాలు... మిరపకాయ బజ్జీల వాసన, పిల్లల గోల, ఫొటోల సందడి. ఆ ఊళ్లోనే, ఆ సందడి పట్టనట్టుగా డచ్చివారి శ్మశానం ఉంటుంది. ఉప్పుగాలికి పెచ్చులూడిన సమాధులు, రాళ్లమీద మనకు అర్థంకాని భాషలో అక్షరాలు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడికి వ్యాపారానికని వచ్చారు. మధ్యలో చేతులు మారినా, 1825లో ఇంగ్లీషువాళ్లకు పూర్తిగా అప్పగించేదాకా భీమిలి వాళ్ల రేవుపట్నమే. వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేదు. జ్వరమో, విరేచనాలో పట్టుకుని ఇక్కడే కన్నుమూశారు.

ఓడెక్కితే స్వదేశం చేరడానికి ఆర్నెల్లు. ఉత్తరం రాస్తే జవాబుకు ఏడాది పైనే పట్టేది. తాటిచెట్లు, ఇసుక, ఎండ తప్ప మరోటి కనిపించని తీరంలో ఆ మనుషులు ఇంటిమీద ఎంత బెంగ పెట్టుకుని ఉంటారో ఊహించడం కష్టమేమీ కాదు. భీమిలికి పాతిక కిలోమీటర్ల దిగువన, విశాఖపట్నంలో, 1682 నుంచీ ఇంగ్లీషు కంపెనీ వర్తకులు కాపురం పెట్టారు. వాళ్లదీ అదే బెంగ.

ఆ బెంగను కనిపెట్టిన విశాఖ పనివాళ్లు ఒక పెట్టె చేశారు.

రెండు చేతుల్లో ఇమిడిపోయేంత పెట్టె. ఆడవాళ్లు సూదీ దారం, కత్తెర, బొత్తాలు దాచుకోవడానికి. ఏ ఆకారంలో చేసినా సరిపోయేది. కానీ వాళ్లు దాన్ని ఇల్లులా చేశారు. మామూలు ఇల్లు కాదు, ఇంగ్లండు పల్లెటూరి ఇల్లు! లోపల గంధపు చెక్క, పైన దంతపు పలచటి రేకులు. ఆ రేకులమీద సన్నటి గీతలు గీసి, గీతల్లో నల్లటి లక్క నింపి, తలుపూ కిటికీలూ తీర్చారు. ఏటవాలు కప్పు, దానిమీద పెంకుల వరసలు. ఆ కప్పే మూత. ఎత్తితే లోపల అరలు, గుప్పుమనే గంధం వాసన. చొక్కాకు ఊడిన బొత్తాం కుట్టాలని పెట్టె తీసినప్పుడల్లా ఆ దొరసాని తన ఇంటి కప్పు తనే ఎత్తి లోపలికి తొంగిచూసినట్టు!

18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మొదటి దాకా ఇలాంటి పెట్టెలు విశాఖలో తయారయ్యాయి. ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో, వేలంశాలల జాబితాల్లో ఇవాళ్టికీ వీటిపేరు 'వైజాగపటం' పెట్టెలే. వీటిని చేసిన కంసాలి వృత్తివాళ్ల పేర్లు మాత్రం ఒక్కటీ పెట్టెమీద లేదు.

రూపం వాళ్లది... పువ్వులు మనవి

విశాఖ దంతపు పని పెట్టెలతో మొదలు కాలేదు. అంతకు ముందు వందేళ్ల నుంచే కుర్చీలు, బీరువాలు, రాతబల్లలు, ముఖం చూసుకునే అద్దపు స్టాండ్లు చేసేవారు. మొదట్లో రోజ్‌వుడ్, నల్లచేవ లాంటి ముదురు రంగు కర్రలో గాడి తీసి, దంతపు ముక్కల్ని అందులో పొదిగేవారు. 1756లో ఇటుగా వచ్చిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ ఊరి పొదుగు పనిని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. తర్వాత్తర్వాత కర్ర కనిపించకుండా మొత్తం దంతపు రేకులే తొడగడం మొదలైంది.

నమూనాలు పడవల్లో వచ్చేవి. లండన్ నుంచి వచ్చిన కుర్చీనో, అచ్చు పుస్తకంలోని బొమ్మనో ఎదురుగా పెట్టుకుని పనివాళ్లు కొలతలు తీసుకునేవారు. మన ఇళ్లలో అప్పటికి పీటలూ, చాపలూ, మంచాలే కదా... చేతుల కుర్చీలో కూర్చునే అలవాటు లేని మనిషి, ఆ కుర్చీలో కూర్చునేవాడి నడుముకు ఏది హాయో ఊహించి చేశాడు. ఆశ్చర్యం అక్కడుంది. అయితే అంచుల దగ్గరికొచ్చేసరికి మాత్రం అతని చెయ్యి స్వతంత్రించేది. కలంకారీ బట్టల అంచుల్లో అల్లుకునే పూలతీగలే దంతంలోకి పాకాయి. ఆకారం చూస్తే దొరగారి ఇల్లు గుర్తుకురావాలి, అంచు చూస్తే తాను బతుకుతున్న ఊరు కనిపించాలి. రెండూ ఒకే వస్తువులో!

ఈ వస్తువుల ఖ్యాతి ఎక్కడిదాకా వెళ్లిందంటే, 1773-75 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ వించ్ దగ్గర విశాఖ దంతపు కుర్చీల వరస ఒకటుండేది. 1781లో ఆయన సామాను అమ్మకానికొస్తే, బ్రిటన్ రాజు మూడో జార్జి వాటిని కొని భార్య షార్లెట్ రాణికి ఇచ్చాడు. ఆమె పోయాక 1819లో మళ్లీ అమ్మకానికి పెడితే, కొన్నవాడు ఆమె కొడుకే! తల్లి కూర్చున్న కుర్చీల్ని బయటివాళ్లకు పోనివ్వలేదన్నమాట. బ్రిటన్ రాచకుటుంబం సొత్తులో అవి ఇప్పటికీ ఉన్నాయి.

చెంబుకో నివేదిక

వాడేవాడి మనసు తెలుసుకుని వస్తువు తయారుచేయడాన్ని ఇప్పుడు 'ఎమోషనల్ డిజైన్' అంటున్నారు. పేరు కొత్తదే. 2004లో డొనాల్డ్ నార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ పేరుతోనే ఒక పుస్తకం రాశాక బాగా వాడుకలోకి వచ్చింది. ఈ నార్మన్ కథ సరదాగా ఉంటుంది. అంతకు ముందు 1988లో ఆయనే మరో పుస్తకం రాశాడు. తొయ్యాలో లాగాలో తెలియని తలుపులు, ఏ మీట ఏ పొయ్యిదో అర్థంకాని స్టవ్వులు... ఇలాంటివాటిని అందులో చెడామడా దులిపేశాడు. వాడటానికి సులువుగా ఉండాలి, అంతే అన్నట్టు సాగింది ఆ పుస్తకం. 'మీరు చెప్పినట్టే చేస్తే వస్తువులు వాడటానికి బాగుంటాయిగానీ చూడటానికి దిష్టిబొమ్మల్లా ఉంటాయి' అని డిజైనర్లు దెప్పిపొడిచారట. పదహారేళ్ల తర్వాత కొత్త పుస్తకం మొదటి పేజీల్లోనే ఆయన తన ఇంటి టీ కుండల సంగతి చెప్పుకొచ్చాడు. ఒకదానికి పిడీ, కొమ్మూ రెండూ ఒకేవైపు! అందులోంచి టీ వంపుకుంటే చెయ్యి కాలడమే. అయినా దాన్ని కిటికీలో ముచ్చటగా పెట్టుకున్నాడు. ఎందుకంటే చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. వస్తువుతో మనకున్న సంబంధం పనితో తీరిపోయేది కాదని ఆయన ఒప్పుకున్నాడు.

అంతకు దాదాపు యాభై ఏళ్ల ముందే ఈ మాటను మన చెంబు చేత చెప్పించినవాళ్లున్నారు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా డిజైనర్ దంపతులు. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. దేశంలో తాము చూసిన వస్తువులన్నింటిలోనూ గొప్పదిగా వాళ్లు ఎంచింది తాజ్‌మహల్‌నో మరొకదాన్నో కాదు, ఇత్తడి చెంబును! ఎన్ని నీళ్లు పడతాయి, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎలా తూగుతుంది, నడుముమీద పెట్టుకుంటే ఎలా, నెత్తిమీద పెట్టుకుంటే ఎలా, వేడినీళ్లు పోస్తే చెయ్యి ఏమవుతుంది, తడితే ఎలా మోగుతుంది... ఇలా సాగుతుంది వాళ్ల ప్రశ్నల చిట్టా. చివర్లో అసలు ప్రశ్న: అది మనదైతే ఎలా ఉంటుంది? అమ్ముకోవాల్సివస్తే? ఒకరికి ఇస్తే? చెంబును ఏ ఒక్కరూ తయారుచెయ్యలేదనీ, తరాల తరబడి ఎందరెందరో చేతులు తలో కాస్తా దిద్దితే ఆ రూపం వచ్చిందనీ వాళ్లు తేల్చారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. కాశీయాత్రకు గంగనీళ్లు పోకుండా మూతకు మర బిగించిన మన మరచెంబును కూడా వాళ్లు చూసుంటే నివేదిక ఇంకో రెండు పేజీలు పెరిగేదేమో!

జాడీలో మూడంతస్తులు

వస్తువు మన మనసును మూడు అంతస్తుల్లో తాకుతుందంటాడు నార్మన్. మొదటిది చూడగానే కలిగేది. రెండోది వాడుతున్నప్పుడు కలిగేది. మూడోది తర్వాత తలుచుకున్నప్పుడు కలిగేది. ఆయన ఉదాహరణలు కార్లూ, గడియారాలూ. మనకు అంతదూరం ఎందుకు, వంటింట్లో ఆవకాయ జాడీ చాలు.

పైన గోధుమరంగు, కింద తెలుపు, నున్నటి మెరుపు, గుండ్రటి పొట్ట. చూడగానే నిండుగా, భరోసాగా ఉంటుంది. ఇది మొదటి అంతస్తు. ఉప్పుకూ పులుపుకూ ఇనుము తుప్పుపడుతుంది, ఇత్తడి చిలుము పడుతుంది. జాడీ గాజుపూతకు ఏమీ కాదు. చెయ్యి పెట్టి కలపడానికి వీలుగా వెడల్పు మూతి, మూతికి వాసెన గుడ్డ కట్టడానికి వీలుగా అంచుకింద చిన్న మెడ. ఇది రెండో అంతస్తు. మరి మూడోది? ఆ జాడీ అమ్మమ్మది. వేసవి మధ్యాహ్నం ముక్కలు తుడుస్తూ కూర్చున్న పెద్దవాళ్లు, కలిపిన బేసిన్లో అన్నం వేసి పెట్టిన ముద్దలు... అవన్నీ జాడీలోనే ఉన్నాయి. ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ ఏడాది నిలవ ఉంటే ఉండొచ్చు, డబ్బాను మాత్రం ఏ కూతురూ పుట్టింటినుంచి అడిగి పట్టుకెళ్లదు.

ఈ మూడో అంతస్తు గురించి 1981లోనే ఒక అధ్యయనం వచ్చింది. షికాగోలో ఇద్దరు పరిశోధకులు 82 కుటుంబాల్లో 315 మందిని కలిశారు. మీ ఇంట్లో మీకు ముఖ్యమైన వస్తువులేవి, ఎందుకు? ఇదీ ప్రశ్న. ఖరీదైనవాటిని చూపించినవాళ్లు తక్కువ. పాత కుర్చీలు, ఫొటోలు, ఎవరో ఇచ్చిన చిన్నచిన్న వస్తువులు... ప్రతిదాని వెనకా ఒక మనిషో, ఒక రోజో ఉన్నారు. మన పెళ్లిపందిట్లో స్టీలు బిందెమీద ఇచ్చినవాళ్ల పేరు చెక్కించే అలవాటుందే, అది సరిగ్గా ఇదే. నలభై ఏళ్ల తర్వాత బిందె తోముతూ 'ఇది మా మేనత్తగారు చదివించింది' అని చెప్పుకోవడానికి.

అయితే మూడో అంతస్తును ఏ డిజైనరూ ఫ్యాక్టరీలో కట్టివ్వలేడు. జ్ఞాపకం అంటుకోవడానికి వీలైన వస్తువును ఇవ్వగలడు, అంతవరకే. అందుకు ముందు అది మన చేతుల్లో కొన్నేళ్లు బతకాలి. రెండేళ్లకోసారి మార్చే ఫోన్‌కు ఆ యోగం లేదు.

నోట్లో పెట్టుకునే బొమ్మ

విశాఖకు నైరుతిగా అరవై కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే, యలమంచిలి దాటాక వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. 2022 వరకూ విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. లక్కబొమ్మల ఊరు. తెలుగింట పుట్టిన ఆడపిల్లకు లక్కపిడతల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బుల్లి కుండ, బుల్లి గరిటె, బుల్లి తిరగలి, బుల్లి పొయ్యి. ఇసుకే బియ్యం, ఆకులే కూర. ఎంతమంది విందు ఆరగించారో లెక్కలేదు!

ఈ బొమ్మల్ని కాసేపు చేతిలో తిప్పి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఎక్కడా మూల ఉండదు. గుచ్చుకునే అంచుండదు. కారణం సులువే. ఇవి తరిణె మీద పుడతాయి. గిర్రున తిరిగే కర్రను ఉలితో చెక్కితే వచ్చేది గుండ్రటి రూపమే. పసిపిల్లల చేతికి ఏది హాయో, ఆ యంత్రానికీ అదే సులువు. ఇంత చక్కటి పొత్తు అన్ని వస్తువులకూ దొరకదు. కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. కాలిమీద పడినా పిల్లాడు ఏడవడు.

రంగు వేసే తీరు చూడాలి. కుంచె ఉండదు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకు ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను చుట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో అదిమితే అద్దంలా మెరుపొస్తుంది. ఎరుపుమీద పసుపు, పసుపుమీద ఆకుపచ్చ, మధ్యలో నల్లగీత. పదిహేను నిమిషాల్లో బొంగరం తయారు అన్నట్టు చూసేవాళ్లకు అనిపిస్తుంది. ఆ చెయ్యి అలా తిరగడానికి పదేళ్లు పట్టుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చిపడింది. పాతకాలంలో రంగులు చెట్ల నుంచి వచ్చేవి. తర్వాత బజార్లో రసాయన రంగుల పొట్లాలు దొరికాయి. చవక. కలపడం సులువు. మెరుపు ఎక్కువ. పనివాళ్లు అటు మళ్లారు. చూసే కంటికి బొమ్మ మునుపటికన్నా అందంగానే ఉంది. మొదటి అంతస్తు భేష్! కానీ బొమ్మను వాడేది ఎవరు? పసివాడు. వాడు బొమ్మను ఎలా వాడతాడు? ముందు నోట్లో పెట్టుకుంటాడు. పళ్లొచ్చే వయసైతే చీకుతాడు, కొరుకుతాడు. చవక రంగుల్లో సీసంలాంటి లోహాలుంటే అవి నేరుగా కడుపులోకే. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. కొనేది తల్లి, వాడేది బిడ్డ. తల్లి కంటిని మెప్పించి బిడ్డ నోటిని మరిచిపోవడం బొమ్మల పరిశ్రమలో అన్ని దేశాల్లోనూ జరిగింది. 2007లో మ్యాటెల్ అంతటి పెద్ద కంపెనీ కూడా రంగుల్లో సీసం ఉందని తేలి లక్షల సంఖ్యలో బొమ్మల్ని ప్రపంచమంతటి నుంచీ వెనక్కి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే అమెరికా బొమ్మల చట్టాన్ని బిగించింది.

ఏటికొప్పాకలో ఆ ప్రశ్న అంతకు చాలా ముందే లేచింది. ఆ ఊరివాడే అయిన సి.వి.రాజు చెట్ల రంగుల్ని మళ్లీ తవ్వితీశారు. పసుపుకొమ్ముల నుంచి పసుపు, నీలిమొక్క నుంచి నీలం, రెండూ కలిపితే ఆకుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ, ఎరుపు. చెప్పినంత తేలిక కాదు ఇది. చెట్టు రంగు నీళ్లలో దిగుతుంది, లక్కకూ నీళ్లకూ పొత్తు కుదరదు. ఎలాగోలా కలిపినా వేడికి వన్నె మారుతుంది. ఈ ఏడాది కాసిన గింజ రంగు పోయినేటి రంగులా ఉండదు. ఏళ్లతరబడి చేసిన ప్రయోగాలతో వాటిని ఒక దారికి తెచ్చారు. తోటి పనివాళ్లకు నేర్పారు. నోట్లో పెట్టుకున్నా భయంలేని బొమ్మ తయారైంది.

ఆ తర్వాత గుర్తింపులు వరసగా వచ్చాయి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో ఈ ఊరినీ రాజునూ ప్రస్తావించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీధుల్లో ఆంధ్రప్రదేశ్ శకటంగా కదిలివెళ్లినవి ఏటికొప్పాక బొమ్మలే. 2021 జనవరి నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, ప్రయోగశాలల ఖర్చు చిన్న పనివాళ్లు భరించలేరని గుర్తించి, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకూ మినహాయింపు ఇచ్చారు. మంచి పనే. అయితే ఆ మినహాయింపు వల్ల ఒక బరువు కూడా పనివాడి నెత్తికెక్కింది. ముద్ర లేదు కాబట్టి తల్లి నమ్మాల్సింది అతని మాటనే. చెట్టు రంగు వేసిన బొమ్మ పక్కనే, అదే ఆకారంలో రసాయనపు రంగు బొమ్మ తక్కువ ధరకు దొరికితే కంటితో తేడా పట్టడం కష్టం. మాట తప్పిన ఒక్కడు ఊరందరి పేరునూ ముంచగలడు.

రెండో బెడద కర్ర. అంకుడు తోటల్లో పండేది కాదు, అడవి చెట్టు. బొమ్మలు ఎక్కువ అమ్ముడుపోతే కర్ర ఎక్కువ కావాలి. కర్ర దూరమైతే ధర పెరుగుతుంది. నరికిన మోడు నుంచి అంకుడు మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగురు తరిణెకు పనికొచ్చేంత లావవడానికి మాత్రం ఏళ్లు ఆగాలి. బొమ్మల గురించి మాట్లాడేవాళ్లు చెట్ల గురించి కూడా అంతే పట్టుదలగా మాట్లాడాలి. ఆ మాట తగినంతగా వినిపించడం లేదు.

ఏడిపించే యంత్రాలు, నవ్వించే యంత్రాలు

చేతిపనికి సరే, యంత్రాలకు మనసుతో ఏం పని అంటారా? జపాన్‌లోని హిరోషిమా విశ్వవిద్యాలయంలో మిత్సువో నగమాచి అనే ఆచార్యుడు 1970ల్లోనే 'కన్సెయి ఇంజినీరింగ్' అని ఒక శాస్త్రం మొదలుపెట్టాడు. కన్సెయి అంటే ఇంచుమించు మనసుకు తోచే స్పందన. 'బిగువుగా ఉంది', 'హాయిగా ఉంది' లాంటి మామూలు మాటల్ని కొలతల్లోకి మార్చడం ఆయన పద్ధతి. అదే ఊరి మాజ్డా కంపెనీ 1989లో తెచ్చిన ఎంఎక్స్-5 కారుకు ఈ పద్ధతి వాడింది. గుర్రమూ రౌతూ ఒకటైనట్టు ఉండాలన్నది వాళ్ల లక్ష్యం.

ఏటీఎంల మీద జరిగిన ప్రయోగం ఇంకా తమాషా. 1990ల్లో జపాన్ పరిశోధకులు ఏటీఎం మీటల్ని రకరకాల వరసల్లో అమర్చి జనానికి చూపించారు. చూడ్డానికి ముచ్చటగా ఉన్న అమరికే వాడటానికీ సులువని జనం చెప్పారు. జపాన్‌వాళ్లకు అందమంటే మోజు, మావాళ్లు అలా పడిపోరు అనుకుని ఇజ్రాయెల్ పరిశోధకుడొకాయన అదే తమ దేశంలో చేసి చూశాడు. అక్కడా అదే ఫలితం! అందమైన వస్తువు ముందు మనిషి బెదరడు. బెదరనివాడు చిన్న తప్పు చేసినా సర్దుకుంటాడు. బెదిరినవాడు మీట తప్పు నొక్కి, కార్డు ఇరుక్కుపోయిందేమోనని వెనకున్నవాళ్ల వంక దీనంగా చూస్తాడు. పింఛను డబ్బులకోసం ఏటీఎంకు వెళ్లే పెద్దవాళ్ల కష్టం ఇక్కడుంది. ఆ యంత్రాన్ని చేసినవాళ్లు వాళ్లను ఎదురుగా నిలబెట్టుకుని చేయలేదు.

ఎదురుగా నిలబెట్టుకుంటే ఏమవుతుందో డగ్ డైట్జ్‌కు తెలిసింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఎమ్మారై యంత్రాలు తయారుచేసే డిజైనర్ ఆయన. తన కొత్త యంత్రం ఎలా పనిచేస్తోందో చూసుకుందామని మురిసిపోతూ ఒక ఆసుపత్రికి వెళ్లాడు. స్కాన్ కోసం వచ్చిన చిన్నపిల్ల ఆ యంత్రాన్ని చూసి భయంతో ఏడవడం కళ్లారా చూశాడు. పిల్లల్లో చాలామందికి మత్తుమందు ఇస్తేగానీ స్కాన్ తీయలేని పరిస్థితి అని తెలిసింది. యంత్రాన్ని మార్చలేదు. గదిని మార్చాడు. గోడలకూ యంత్రానికీ బొమ్మలు వేయించి సముద్రదొంగల ఓడ చేశాడు. పిట్స్‌బర్గ్‌లోని పిల్లల ఆసుపత్రిలో పెట్టిన ఆ ఓడలో 'దొంగలకు కనిపించకుండా కదలకుండా పడుకోవాలి' అంటే పిల్లలు ఊపిరి బిగబట్టి పడుకున్నారు. మత్తుమందు అవసరం బాగా తగ్గిపోయింది. మన అమ్మలు 'చందమామ వచ్చి చూస్తాడు, గబగబా మింగేయ్' అని ముద్దలు పెట్టే పద్ధతే అది!

మన ఇళ్లలోనూ యంత్రాలతో ఇలాంటి చుట్టరికాలు చాలానే ఉన్నాయి. ప్రెషర్ కుక్కర్‌నే తీసుకోండి. ఆవిరి బయటికి పోవడానికి పెట్టిన ఏర్పాటు అది. మన ఆడవాళ్లు దాన్ని గడియారం చేసేశారు. 'మూడు విజిల్స్ రాగానే కట్టేయ్' అన్న మాట వినని పిల్లలు తెలుగునాట ఉండరు. చప్పుడు లేని కుక్కర్ ఎవరైనా తయారుచేస్తే శాస్త్రం ప్రకారం అది మెరుగైనదే కావచ్చు. కొనేవాళ్లెవరు?

దంతం వెనక ఏనుగు

మళ్లీ ఆ ఇంటి పెట్టె దగ్గరికి. దాన్ని ఎంత పొగిడినా ఒక మాట దాచలేం. అది దంతం. దంతం కోసం ఏనుగు చావాలి. 18వ శతాబ్దంలో బర్మా తీరం నుంచి పడవల్లో వచ్చే సరుకుల్లో టేకుతో పాటు దంతం కూడా ఉండేది. ఆ పెట్టె తెరిచిన దొరసానికి ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది, ఏనుగు గుర్తొచ్చి ఉండదు. మనకిప్పుడు ముందు ఏనుగే గుర్తొస్తుంది. నార్మన్ చెప్పిన మూడో అంతస్తు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు. వస్తువు మారలేదు, తలుచుకునేవాళ్లు మారారు.

19వ శతాబ్దంలో విశాఖ పనివాళ్లు దంతంతోపాటు దుప్పికొమ్ము, ముళ్లపంది ముళ్లతో పెట్టెలు చేశారు. ముళ్లను వరసగా పేర్చి, మధ్యలో దంతపు చుక్కలు పెట్టిన పెట్టెలు ఆ కాలంలో బాగా పోయాయి. తర్వాత చట్టాలొచ్చాయి. 1972 వన్యప్రాణి చట్టం, 1986లో దేశీయ దంతం వ్యాపారంపై, 1991లో ఆఫ్రికా దంతంపై నిషేధం. ఏనుగుల కోసం అవి రావలసినవే. బ్రిటన్ కూడా 2018లో చట్టం చేసి, 2022 నుంచి దంతపు వస్తువుల అమ్మకాన్ని దాదాపు ఆపేసింది. మ్యూజియం స్థాయి ఉన్న పాతవాటిలాంటి కొన్నిటికే మినహాయింపు. విశాఖలో ఒకప్పుడు వీధులకు వీధులు బతికిన ఆ పని ఇవాళ ఊరివాళ్లకే తెలియదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్లిన తెలుగువాళ్లు అద్దాల వెనక తమ ఊరి పేరు చదివి ఉలిక్కిపడాల్సిందే.

ఆ పని పోతూ పోతూ ఒక్క వస్తువును మాత్రం ఈ తీరంలో మిగిల్చినట్టుంది. లక్క. దంతం మీది గీతల్లో కిటికీలూ తలుపులూ తీర్చిన నల్లటి లక్క, భీమిలికి ఇటువైపున రాణుల కోసం వాడిన లక్క, వరాహ ఒడ్డున పిల్లల పొయ్యిలకు ఎర్రగా, పచ్చగా పూత అవుతోంది. సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్లమీద దేవుళ్లుంటారు, రాజూరాణీ ఉంటారు. లక్కపిడతల వంటిల్లు ఎప్పుడూ అన్నిటికన్నా కింది మెట్టు మీదే. పేరంటానికి వచ్చిన అమ్మ చంకలోంచి కిందికి దిగిన పిల్ల చేతికి ముందుగా అందేది ఆ మెట్టే. బుల్లి కుండ తీసుకుంటుంది. అటూ ఇటూ తిప్పి చూస్తుంది. తర్వాత నోట్లో పెట్టుకుంటుంది.